ఒడ్డు కనబడాలె

నాలుగో సెమ్ పరీక్షలు అయిపోయిన రాత్రి. హాస్టల్‌లో వై-ఫై ఉంది, చదవాల్సింది ఏమీ లేదు. అలాంటప్పుడు యూట్యూబ్ ఎటు తీసుకుపోతుందో మీకు తెలుసు కదా. నన్ను క్రొయేషియా తీసుకుపోయింది. నీలం సముద్రం, తెల్ల తెరచాప పడవ. వారం రోజులకి యాట్ అద్దెకి తీసుకోవాలంటే ఏ ప్రాంతం ఎంచుకోవాలో ఒకాయన అరగంట చెప్పాడు. గోదావరిఖని క్వార్టర్‌లో పెరిగిన పిల్లకి దీంతో ఏం పని అంటారా? పని పడింది.

మా బాపు అండర్‌గ్రౌండ్ బాయిలో పని చేస్తాడు. వచ్చే మార్చిలో రిటైర్ అవుతున్నాడు. ఇన్నేళ్ళూ ఎల్‌టీసీ పైసలు మా ఫీజులకో ఇంటి ఖర్చులకో పోయాయి. ఈసారి మాత్రం టూర్‌కే పోవాలని, అదీ పడవ మీదే అని పట్టుబట్టాను.

వీడియోలో ఆయన చెప్పినవి మూడు. ఒకటి, కాలం: కరీబియన్‌లో జూన్ నుంచి నవంబరు దాకా తుఫాన్ల సీజన్. రెండు, గాలి: గ్రీసు దగ్గర ఏజియన్ సముద్రంలో ఎండాకాలం మెల్టెమి అనే ఉత్తరపు గాలి గట్టిగా వీస్తుంది. మూడు, అనుభవం: కొత్తవాళ్ళకి బ్రిటిష్ వర్జిన్ దీవులు మంచివట, ఒక దీవి దగ్గర నిలబడితే తర్వాతి దీవి కంటికి కనబడుతుంది కాబట్టి. ఆ మూడోది అప్పుడు నేను పట్టించుకోలేదు.

దసరా సెలవులకి ఇంటికి పోయేలోపు ఎక్సెల్ షీట్ తయారు చేశాను. పాపికొండలు, నాగార్జునసాగర్–శ్రీశైలం లాంచీ, అలప్పుళ. పాపికొండల పేరు ఎత్తగానే అమ్మ వద్దంది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో బోటు మునగడం ఆమె టీవీలో రోజుల తరబడి చూసింది. నేను సాగర్‌కి ఎక్కువ మార్కులు వేశాను. నల్లమల కొండల మధ్య కృష్ణ మీద వంద కిలోమీటర్ల పైన ప్రయాణం. డ్యామ్ పూర్తి మట్టం 590 అడుగులు. నీళ్ళు బాగా ఉంటేనే లాంచీ నడుస్తుంది కాబట్టి వానలు పడ్డాకే పోవాలి. రోజంతా నీళ్ళే!

బాపు షీట్ మొత్తం చూశాడు. "మీరు పోయి రాండ్రి. నేను రాను," అన్నాడు.

నాకు కోపం వచ్చింది. వంటింట్లోకి పోతే అమ్మ చిన్నగా చెప్పింది. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ బాయిలోకి నీళ్ళు వచ్చి 17 మంది చనిపోయారు. బాపుది వేరే బాయి. కానీ పోయినవాళ్ళలో ఎరిగినవాళ్ళున్నారు. నేను అప్పటికి పుట్టలేదు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎప్పుడూ అడగలేదు. పాత పనిస్థలాల్లో నీళ్ళు నిలుస్తాయని, పంపులు నడుస్తూనే ఉండాలని మాత్రం తెలుసు, ఎగ్జామ్‌లో రాసే పాయింట్ లాగా.

మర్నాడు సాయంత్రం ఇద్దరం బండి మీద గోదావరి బ్రిడ్జి దాకా పోయాం. నది నిండుగా ఉంది. బాపు రెయిలింగ్ పట్టుకుని చాలాసేపు చూశాడు.

"నీళ్ళంటే భయం కాదు బిడ్డా. గోడ అవుతల ఏమున్నదో కనబడది సూడు, గదే భయం. ఒడ్డు కనబడాలె."

దీవి పక్కన దీవి కనబడాలని చెప్పిన యూట్యూబ్ ఆయన గుర్తొచ్చాడు.

ఆ రాత్రి షీట్‌లో ఇంకో కాలమ్ పెట్టాను: "ఒడ్డు". సాగర్ కింద పడింది. అలప్పుళలోనూ హౌస్‌బోట్ వద్దనుకున్నాను, అది వెంబనాడ్ సరస్సులోకి పోతే నీళ్ళు విశాలంగా ఉంటాయి. చిన్న శికారా పడవైతే ఇరుకు కాల్వల్లోకి పోతుంది. రెండు పక్కలా ఇళ్ళు, మెట్లు, బట్టలు ఉతుక్కునే మనుషులు. రాత్రి పడుకునేది గట్టు మీదే. వానలు పోయి ఉంటాయి కాబట్టి మా సెమ్ అయ్యాక జనవరిలో.

బాపు ఫోటోలు జూమ్ చేసి చేసి చూశాడు. ఔననలేదు, కాదనలేదు. నేను హాస్టల్‌కి వచ్చేశాక మొన్న ఫోన్ చేశాడు.

"లైఫ్ జాకెట్ ఇస్తరా?"

"ఇస్తరు బాపు."

"ఎక్కకముందే తీస్కోవాలె. బెల్టు సూసి తీస్కో. ముందు మీ అమ్మకు."

ల్యాంప్ రూమ్ దగ్గర కొత్తవాళ్ళకి చెప్పే గొంతు అది. ఫోన్ పెట్టేసి మూడు టికెట్లు బుక్ చేశాను.