మందు లేని దానిమ్మలు

తపాలాబిళ్లలు కూర్చువానిని లోకము రసికుడనును. ప్రాతనాణెములు కూర్చువానిని పండితుడనును. తుప్పుపట్టిన చేతిబాంబులను కూర్చువాని నేమనవలెనో దానికి తోచదు. బర్మింగుహాములో స్థిరపడిన మా మిత్రుడొకడు ఈ మూడవ తెగవాడు. ఇంగ్లండు ప్రయాణములో వారియింట నాలుగు దినములుంటిమి. అతని బీరువాముందు గడచిన సాయంకాలములు మాకు కొంత ఆలోచన కలిగించినవి.

గ్రెనేడను పేరు దానిమ్మనుండి వచ్చినది; ఫ్రెంచిభాషలో ఆ మాటకు దానిమ్మపండనియే అర్థము. గుండ్రని కాయ, లోన క్రిక్కిరిసిన గింజలు. పోలిక చక్కగనే కుదిరినది. రోగికి రసము తీసి యిచ్చు పండు పేరు నరుని చీల్చు వస్తువునకు పెట్టిన నాగరకత యెట్టిదో పాఠకులే యూహింతురు గాక.

మా మిత్రుని బీరువాలో ముఖ్యమైనది మిల్స్ బాంబు. విలియం మిల్స్ అను బర్మింగుహాము వర్తకుడు దీనికి 1915లో పేటెంటు పొందెను. అతడంతకు పూర్వము అల్యూమినియము పోతపోసి గోల్ఫుకఱ్ఱల తలలు చేయించినవాడు. బెల్జియము సేనలోని రోలాండ్ అను కాప్టెను ఇట్టి గోళమునే ముందుగ కల్పించియుండుటచే తగవును నడచినది. మొదటి మహాయుద్ధకాలమున ఇవి దాదాపు ఏడున్నర కోట్లు తయారైనవని చెప్పుదురు. పైనున్న చాళ్లు, గోళము ముక్కలగుటకే చెక్కబడినవని అందఱు నమ్ముదురు. అవి చేతికి పట్టు చిక్కుటకని మిల్సే వ్రాసెను. ప్రేలినపుడు ఆ గీతలవెంట పగులుటయు లేదు.

చూచువారికన్నియు నొక్కటే. చదువనేర్చినవానికి మాత్రము అడుగుభాగమే పుస్తకము. అచట మరతో బిగించిన బిళ్లమీద గోళపు సంఖ్య, కార్ఖానా గుర్తు, కాలము సాధారణముగ పోతలో నుండును. 5వ సంఖ్య గోళము చేతితో విసరుటకే. 23వ సంఖ్య అడుగుబిళ్ల నడుమ మరరంధ్రముండును. తుపాకినుండి పంపుటకు కడ్డీని దానికి బిగించెడివారు. 36వ దానికి కడ్డీ మాని, గుండ్రని రేకు తగిలించి, తుపాకికొనకు అమర్చిన గిన్నెలోనుండి విడిచెడివారు. సంతలలో అమ్మువారు ఒకదాని మీట మఱియొకదానికి, నిన్న చేసిన ఉంగరము నూఱేండ్లనాటి గోళమునకు తగిలించి, అంతయు అసలుదే యందురు. మీట, సీల, స్ప్రింగు, బిళ్ల వేఱువేఱుగ చూచి, ఏది యే కాలపుదో తేల్చుటలోనే యీ విద్య యంతయు నున్నది.

36 ప్రక్కన 'ఎం' అను అక్షరము గల గోళము మమ్మెక్కువ సేపు నిలిపినది. ఆ అక్షరము మెసపొటేమియాను తెలుపును. ఆ దేశపు వేడికిని తేమకును చెడకుండ గోళమును లక్కతో కప్పిరట. మన ఏటికొప్పాక బొమ్మలకు నిగనిగలిచ్చు లక్కయే! ఆ రణరంగమున మన దక్షిణదేశపు మద్రాసు సాపర్లును పనిచేసిరి. ఆ వంశపు గోళమునే మన సైన్యము మొన్నమొన్నటివరకు వాడినది. దానికి బదులైన క్రొత్తరకమును నాగపూరులో 2021లో సైన్యమున కప్పగించిరి.

ఇంత తెలిసిన మా మిత్రుని అతని యిల్లా లొక ప్రశ్నతో నిలువరించినది. సంతలో కొన్న గోళమొకటి ఇంటికి వచ్చిన దినమున ఆమె, "ఏమండీ, ఇందులో మందు లేదని చెప్పినదెవరు? అమ్మినవాడా, చూచినవాడా?" అని యడిగినదట. సంఖ్య తెలిసినది, సంవత్సరము తెలిసినది, కార్ఖానా తెలిసినది. లోన నేమున్నదో తెలియదు. ఇంటిలో ఇద్దఱు పిల్లలు. స్త్రీల భయమును అజ్ఞానమని కొట్టివేయుట మగవారికి వాడుక. ఈ యింట సరియైన పరిశోధకుని ప్రశ్న వేసినది ఆమెయే యని మా యభిప్రాయము.

ఆమె భయము వట్టిది కాదు. అమెరికాలో ప్రాతవస్తువుల అంగడిలో వట్టిదని తలచి కొన్న గ్రెనేడు 2020 డిసెంబరులో ప్రేలి, వర్జీనియాలో ఒక బాలుడు మరణించెను. బెల్జియములోని ఈప్ర్ పట్టణమున మొదటి యుద్ధపు గుండొకటి 2014లో ప్రేలి ఇద్దఱు పనివాండ్రను బలిగొన్నది. తుప్పు ఇనుమును తినును గాని లోని మందును నమ్మదగినదానిగ చేయదు; వయస్సు దానిని మఱింత చపలము చేయవచ్చును. కావున అనుమానము గలదానిని విప్పి చూడరాదు, కదల్పరాదు, పోలీసుస్టేషనుకు సంచిలో మోసికొనిపోరాదు. ఉన్నచోటనే యుంచి, దూరముగ తొలగి, కబురు పంపవలెను.

వారును అట్లే చేసిరి. సైనికులు వచ్చువఱకు ఆ వీథిలోని కుటుంబములన్నియు చలిలో నిలిచినవి. మా మిత్రునికి తలవంపుగ నుండెనట. ఆమె మాత్రము పొరుగువారికి తేనీరు తెప్పించి యిచ్చినదట. సైనికులు ఆ గోళమును కొనిపోయిరి. అది మరల రాలేదు.

ఇప్పుడు బీరువాకు ఆమె వ్రాసిన పట్టిక యొకటి వ్రేలాడుచున్నది. ప్రతివస్తువునకు ఎదురుగ, దానిని ఖాళీచేసిన అధికారి యెవరు, పత్రమేది, ఏ దినమున చూచిరి అని మూడు గడులు. ఆ గడులు నిండని వస్తువులకు బీరువాలో చోటు లేదు. సంగ్రహము సగము తఱిగినదని మా మిత్రుడు వాపోవును. మిగిలినవానిని మాత్రము మాచేత పట్టించి, అడుగుబిళ్లలు చదివించి, రాత్రి రెండు గంటలవఱకు నిద్రపోనీయలేదు.