వాన కురిసిన రాత్రి

కథలో ఒక పాత్రకు మనోవ్యాధిని కల్పించడం బహు సులభమని మేము ఒకప్పుడు తలచాము. ఉప్పెనలో ఆలుబిడ్డలను కోల్పోయిన ఒకడు అర్ధరాత్రి కెవ్వున అరుస్తాడు, మూర్ఛపోతాడు, చివరి పుటలో ఒక వైద్యుని హితవాక్యంతో స్వస్థుడవుతాడు. ఇదీ మా కథ!

ఆత్మకూరులోని మా మామూకు దానిని చదివి వినిపించాము. 1977 నవంబరు 19న, వేలాదిమందిని పొట్టన పెట్టుకొన్న ఉప్పెన నాడు, ఆయన వ్యాపారార్థం దివిసీమలో ఉన్నారు. కథంతా ఆలకించి, "ఏం బేటా, నీ కథలోవాడు అన్నిసార్లు అరుస్తాడే!" అని మాత్రమే అన్నారు.

మా ఉదయగిరి మెట్టసీమలో వాన పడితే అందరూ సంబరంగా ముంగిట్లోకి వస్తారు. మామూ మా ఇంట ఉన్న రాత్రి చినుకు పడిందా, బియ్యపు డబ్బా, పిల్లల చెప్పులు అటకపైకి చేర్చి, తెల్లవార్లూ గడప వద్ద కూర్చునేవారు. ఆయన అరవగా మేమెన్నడూ వినలేదు. అదంతా చాదస్తమని నవ్వుకొన్నాము కూడా.

గడచిన ఆపదకు దేహం ఇంకా కాపలా కాస్తూ ఉండే ఈ వ్యాధికి అమెరికా మనోవైద్యుల సంఘం 1980లో తన గ్రంథంలో చోటిచ్చింది. అంతకు మూడు దశాబ్దాల మునుపే, దేశవిభజన నాటి ఘోరాన్ని వ్రాసిన మంటో "ఖోల్ దో" కథాంతంలో సకీనా చేత ఏడ్పించలేదు. కిటికీ తెరవమని వైద్యుడు తండ్రితో అన్న మాటకు ఆమె చేతులు కదలడం మాత్రమే చూపాడు.

మా కథలో అరుపులు కొట్టివేశాము. వైద్యుణ్ణీ తొలగించాము. బియ్యపు డబ్బా సంగతి వ్రాయాలంటే మామూ అనుమతి కావాలి. ఇంకా అడగలేదు.