అమ్మమ్మకి ఎర్ర తలగుడ్డ

రేవు వదిలేటప్పుడు ఏ ఓడైనా 'భోం'మని హారన్ కొడుతుంది. డిస్నీ వాళ్ల ఓడ మాత్రం పాటందుకుంటుంది! వాళ్ల పాత కార్టూన్ సినిమాలోని పాట అది. ప్రమాదంలో వాడే పడవలకు అందరూ నారింజ రంగు వేస్తే, వీళ్లు పసుపు వేయించారు. మిక్కీమౌస్ బూట్ల రంగన్నమాట. 1998లో మొదటి ఓడ బయల్దేరినప్పటి నుంచీ వాళ్ల లెక్క ఒక్కటే... పిల్లలు మనసు పడితే పెద్దలు వెంట వస్తారు. అందుకే ఈ ఓడల్లో కేసినో కూడా ఉండదు.

2018లో అక్కావాళ్ల దగ్గరికి ఫ్లోరిడా వెళ్లినప్పుడు బావ 'డిస్నీ డ్రీమ్'కి టికెట్లు తీశాడు. నాలుగు రాత్రుల ప్రయాణం. చవకేం కాదు. పేరుకి పిల్లల కోసం, నిజానికి అమ్మ కోసం. నాన్న పోయి అప్పటికి రెండేళ్లు. పెళ్లికి వెళ్తే వెనక వరసలో కూర్చునేది. పేరంటానికి పిలిస్తే మోకాళ్ల నొప్పులనేది. ఎవరూ ఏమీ అనలేదు. అనకముందే తనే తప్పుకునేది.

ఓడలో పగలంతా ఎవరి లోకం వాళ్లది. మూడేళ్లు నిండిన పిల్లలకు విడిగా క్లబ్బు. చేతికి బ్యాండు తొడగ్గానే మా నాలుగేళ్ల పాప వెనక్కి తిరిగి చూడలేదు. రాత్రి భోజనం మాత్రం అందరిదీ ఒకే బల్ల. రోజుకో రెస్టారెంటు, మనతోపాటే వడ్డించేవాళ్లూ మారతారు. మొదటిరోజు అమ్మ 'గుడ్డు కూడా వద్దు' అంటే, మర్నాడు అడక్కుండానే పప్పూ అన్నం వచ్చాయి. ఇంకో హాల్లో తెరమీది సినిమా తాబేలు ఈదుకుంటూ వచ్చి పిల్లల్ని పలకరించింది. పాప నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది!

మూడోరోజు రాత్రి ఓడంతా సముద్రపు దొంగలే. వడ్డించే అబ్బాయి అందరికీ ఎర్రటి తలగుడ్డలు పంచాడు. అమ్మ తనది మడిచి పక్కన పెట్టేసింది. 'నాకెందుకే ఇప్పుడు' అంది. ఆ 'ఇప్పుడు' పాపకి అర్థం కాలేదు. కుర్చీ ఎక్కి అమ్మమ్మ తలకి కట్టేసింది. ముడి సరిగ్గా పడక గుడ్డ చెవి మీదికి జారింది. అక్కా నేనూ ఊపిరి బిగబట్టాం. అమ్మ తీయలేదు. నడిసముద్రంలో బాణసంచా కాలుస్తుంటే డెక్కు మీద అందరికంటే ముందు నిలబడింది.

మన వేడుకల్లో పీటల మీద ఎవరు, అక్షింతలు ముందు ఎవరు, వెనక ఎవరు అని బోలెడు లెక్కలు. ఆ రాత్రి లెక్క ఒక్కటే... అందరూ వేషం వెయ్యాలి. పెద్దవాళ్లు ఎంత చెప్పినా అమ్మ వినేది కాదు. పిల్లల ఆట కాబట్టి కాదనలేకపోయింది.

మరుసటి జనవరిలో, మా ఇంట్లో పాపకి భోగిపళ్లు పోస్తున్నాం. ముత్తయిదువలంతా పోశారు. అమ్మ వంటింటి గుమ్మం దగ్గరే ఉంది.

'అమ్మమ్మా, నువ్వు పొయ్యవా?' అంది పాప.

అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి, దోసిలి నిండా రేగుపళ్లు తీసుకుంది.