లారెన్సు పురములో రెండు బంతుల వివాదము

మన యూళ్లలో ఇరుగుపొరుగు స్త్రీలు కూడినచో మాటలు పెండ్లిండ్ల మీదికో, పంటల మీదికో, బియ్యపు ధరల మీదికో పోవును. అమెరికా నడిబొడ్డున కాన్సాసు రాష్ట్రములోని లారెన్సు పట్టణమున ఏ మాట యెత్తినను అది తుదకు ఒక విశ్వవిద్యాలయము వారి రెండు బంతియాటల మీదికే వచ్చి నిలుచును. ఇది నేను వేడుకకు వ్రాయుట లేదు. మా తమ్ముడు ఆ విశ్వవిద్యాలయమున ఔషధశాస్త్రములో పరిశోధన చేయుచున్నాడు. మరదలి పురిటికై 2024 డిసెంబరు మొదట వెళ్లి, మరుసటి మార్చి కడవరకు అచట నుంటిని. బిడ్డకు తలంటి నీళ్లు పోయుట, బాలింతకు పథ్యము వండుట నా పనులు. తక్కిన ప్రొద్దున చెవులు, కన్నులు ఖాళీగానే యుండెను.

లారెన్సు పట్టణము కా నది యొడ్డున నున్నది. బానిసత్వము కూడదని పట్టుపట్టిన జనులు తూర్పున మసాచుసెట్సు సీమనుండి వచ్చి 1854లో దీనిని కట్టిరి. అందుచేతనే పెద్దబజారునకు నేటికిని మసాచుసెట్సు వీథి యనియే పేరు. పొరుగున నున్న మిస్సోరీ రాష్ట్రమున బానిసలుండిరి. 1863 ఆగస్టు 21వ తేదీ వేకువజామున క్వాంట్రిల్ అనువాడు ఆ దిక్కునుండి గుఱ్ఱపు దండుతో వచ్చి ఊరు తగులబెట్టి, నూటయేబది మందివరకు పురుషులను, బాలురను చంపించెను. ఆనాడు వితంతువులైన స్త్రీలు ఎందరో! ఆ వైరము కత్తులనుండి బంతులలోనికి దిగినది. కాన్సాసు, మిస్సోరీ విశ్వవిద్యాలయముల నడుమ ఫుట్‌బాలు పోటీ 1891లో మొదలైనది. ఇప్పటికిని మిస్సోరీ మాట వచ్చినచో అక్కడి ముసలమ్మలు సహితము మొగము ముడుచుకొందురు.

విశ్వవిద్యాలయము ఓరియడ్ అను గుట్టమీద నున్నది. వారి జట్టు గుర్తు జేహాకు అను పక్షి. అట్టి పక్షి లోకమున లేదు. రెండు పక్షుల పేర్లు కలిపి కల్పించుకొన్నదట. మన గండభేరుండమునకు అది దూరపు చుట్టము కావచ్చును.

బాస్కెటుబాలు ఆటను 1891 డిసెంబరులో జేమ్సు నైస్మిత్ అను వ్యాయామోపాధ్యాయుడు మసాచుసెట్సులో కల్పించెను. చలికాలమున కుఱ్ఱవాండ్రు గదిలోపల ఆడుకొనుటకై గోడలకు పీచు పండ్ల బుట్టలు కట్టి, పదుమూడు నిబంధనలు వ్రాసి అంటించెను. ఆయనయే 1898లో కాన్సాసునకు వచ్చి మొదటి శిక్షకుడాయెను. చిత్రమేమనగా, ఆయన జట్టు 55 ఆటలు గెలిచి 60 ఓడినది. ఆ విశ్వవిద్యాలయపు బాస్కెటుబాలు శిక్షకులలో గెలుపులకన్న ఓటములు ఎక్కువైనవాడు, ఆ ఆటను కనిపెట్టిన ఆయన యొక్కడే! ఆయన శిష్యుడైన ఫాగ్ అలెన్ పేర 1955లో తెఱచిన మందిరమున 15,300 మంది కూర్చుండవచ్చును. నైస్మిత్ నిబంధనలున్న ఆ రెండు కాగితములను డేవిడ్ బూత్ అను పూర్వవిద్యార్థి 2010లో వేలమున నలుబదిమూడు లక్షల డాలర్లకు కొనెను. అవి ఇప్పుడు మందిరము ప్రక్కనే అద్దముల వెనుక నున్నవి. మన తాళపత్రములకును అట్టి యోగము పట్టిన బాగుండునని నాలో నేననుకొంటిని.

ఇక ఫుట్‌బాలు. అది మన పిల్లలు కాలితో తన్ను ఆట కాదు. కోడిగ్రుడ్డు వంటి బంతిని చేతబట్టి, తలలకు టోపీలు, భుజములకు కవచములు ధరించి, పదునొకండుగురు పదునొకండుగురిని ఢీకొందురు. నాలుగు ప్రయత్నములలో పది గజములు ముందునకు పోవలెను. లేనిచో బంతి పరులపాలు. కాన్సాసు జట్టుకు ఈ యాటలో అదృష్టము తక్కువ. 2010 మొదలు 2021 వరకు ఏ యేటను మూడింటికి మించి గెలువలేదు. 2020లో తొమ్మిది ఆడి తొమ్మిదియు ఓడినది.

నేను వెళ్లిన వారముననే రెండు శోకములును కలిసినవి. నవంబరులో ఫుట్‌బాలు జట్టు గొప్ప పేరుగల మూడు జట్లను వరుసగా ఓడించి, ఆశలు పుట్టించి, కడపటి ఆటలో బేలర్ చేత 45–17 తేడాతో ఓడినది. ఆరు గెలిచినగాని పండుగ పోటీలకు పిలుపు రాదు. వీరికి వచ్చినవి ఐదు. దేశమున మొదటి స్థానమున నున్న బాస్కెటుబాలు జట్టు వారము తిరుగకమునుపే రెండు ఓడినది. అందు రెండవది మిస్సోరీ చేతిలో!

ఆ మఱునాడు పొరుగింటి దంపతులు పురిటింటి పరామర్శకు వచ్చిరి. ఆయనకు డెబ్బది దాటినవి, తపాలా ఉద్యోగము చేసి విరమించినవాడు. ఆమె చిన్నపిల్లల బడిలో ఉపాధ్యాయిని. నేను బడిపంతులుగారి భార్య ననగానే నా చేయి పట్టుకొనినది. మేము మాంసము తినమని తెలిసి చిక్కుడుగింజలతో కాచిన చిల్లీ అను పులుసును, దాల్చినచెక్క పొడిచల్లిన తీపిరొట్టెల చుట్టలను తెచ్చినది. కారపు పులుసులో తీపి రొట్టె నంజుకొనుట ఆ దేశాచారము. మొదట వింతగా తోచినను రెండవ చుట్ట నేనే అడిగి తీసికొంటిని.

బిడ్డను చూచి దీవించిన పిదప వివాదము మొదలాయెను. వారు ముప్పదియేండ్లుగా రెండు ఆటలకును ఇద్దరిద్దరికి ఏడాది టిక్కెట్లు కొనుచున్నారు. ఫుట్‌బాలు క్రీడాంగణమును పడగొట్టి కొత్తగా కట్టుచుండిరి. ఆ యేడు సొంత ఆటలు కాన్సాసు సిటీలో ఆడిరి. కొత్తది తెఱచిన పిదప తమ పింఛనుతో రెండింటికిని పెట్టలేమని ఇద్దరికిని తెలియును. ఏది విడువవలెను?

ఫుట్‌బాలు విడువరాదని ఆయన వాదము. ఆయన చెప్పినది మా మరదలు నా చెవిలో తెలుగు చేసినది: "టీవీ సంస్థలు సొమ్మిచ్చునది ఫుట్‌బాలు చూచియే. 2021 జూలైలో టెక్సాసు, ఓక్లహోమా విశ్వవిద్యాలయములు మా కూటమిని విడిచిపోవుదుమనగానే మిగిలిన ఎనిమిదింటికి గుండె జారినది. కూటమి చెదరినచో మా బాస్కెటుబాలు మందిరమునకు ఎవరు వత్తురు? మంచి ఫుట్‌బాలు జట్టున్నవాని కొంపకే తలుపులు తెఱచియుండును." లాన్సు లైపోల్డ్ అను శిక్షకుడు వచ్చిన మీదట 2023లో తొమ్మిది గెలుచుటయు, అక్టోబరున ఓక్లహోమాను ఓడించిన సంతోషములో విద్యార్థులు గోలుస్తంభములను పెరికి చెఱువులో పడవేయుటయు చెప్పునపుడు ఆ ముదుసలి కన్నులు మెఱసినవి. ఆస్తి నష్టపఱచి సంతోషించుట యేమని నాకు తోచినది గాని అతిథి నగుటచే ఊరకుంటిని.

ఆమె ఊరకుండలేదు. ఈ గోధుమ పొలముల నడిమి ఊరి పేరు లోకమెఱిగినది బాస్కెటుబాలు చేతనే యనెను. 1952, 1988, 2008, 2022 సంవత్సరములలో నాలుగుమార్లు జాతీయ విజయము తెచ్చినది ఏ జట్టు? ఫుట్‌బాలునకు పదేండ్లలో నలుగురు శిక్షకులను మార్చి, పనినుండి తీసివేసిన వారికి ఒప్పందము చొప్పున సొమ్ము చెల్లించుట యెవరి సొమ్ము? 2001లో డబ్బు చాలదని మగపిల్లల ఈత జట్టును, టెన్నిసు జట్టును ఎత్తివేసినారుగదా! ఆమె వద్ద చదివిన బాలుడొకడు ఆ ఈత జట్టులోనికి పోవలెనని కలలు కనుచుండెనట. ఈ మాట చెప్పునపుడు ఆమె గొంతు తగ్గినది. ఆయన బదులు చెప్పక పులుసు గిన్నెలోనికి చూచుచుండెను.

అప్పటివఱకు మూలను కూర్చుండిన వారి మనుమడు, గుట్టమీది విద్యార్థియే, ఇద్దరి మాటయు పాతబడినదనెను. 2021 జూలై నుండి ఆటగాండ్రు తమ పేరుమీద సొమ్ము సంపాదించుకొనవచ్చును. ఒక విశ్వవిద్యాలయము విడిచి వేఱొకదానికి పోవచ్చును. ఏటేట జట్టంతయు మాఱుచుండగా ఏ జట్టును ప్రేమించుట? దీనికి ముసలమ్మ జీకు మేయో అను యువకుని చూపినది. అతడు లారెన్సు ఊరివాడే. దక్షిణ డకోటాలో ఆడి, ఆ యేడు సొంత ఊరి జట్టునకు వచ్చినాడు. పోవుటకు తెఱచిన తలుపు వచ్చుటకును తెఱచియుండునని ఆమె వాదము.

నాకు భారతములో ద్రోణుడు కుమారుల విద్యాప్రదర్శనము చేయించిన ఘట్టము తలపునకు వచ్చినది. భీమదుర్యోధనులు గదలతో తలపడగా చూపరులు రెండు పక్షములై కేకలు వేయజొచ్చిరి. ద్రోణుడు అశ్వత్థామను పంపి ఆపింపవలసివచ్చెను. కర్ణునకు అప్పటికప్పుడు అంగరాజ్యమిచ్చి తన పక్షమున నిలుపుకొన్న దుర్యోధనుని పద్ధతి ఈ కొత్త నిబంధనలకు దగ్గఱగానే యున్నది. మా మరదలు దీనిని ఇంగ్లీషులో చెప్పగా, ఆ రాజ్యమునకు ఎన్ని డాలర్లని మనుమడు అడిగినాడు.

పురుషుల ఆటకు టిక్కెట్టు దొరకుట కష్టము. జనవరిలో ఆమె నన్ను బాలికల ఆటకు తీసికొనిపోయినది. అంత పెద్ద మందిరమున ఖాళీ బల్లలే ఎక్కువ. కప్పుక్రింద వ్రేలాడు పతాకములలో లినెట్ వుడర్డ్ పేరు చూపినది. ఆ రాష్ట్రపు నల్లజాతి కన్య, 1981 నాటికి నాలుగేండ్లలో 3,649 పాయింట్లు చేసినది. స్త్రీల ఆటలు అప్పుడు వేఱొక సంఘము క్రింద నుండుటచే పురుషుల సంఘము వారి పుస్తకములలో ఆ లెక్క చేరలేదు. 2024లో కెయిట్లిన్ క్లార్కు అను అయోవా బాలిక ఆ సంఖ్యను దాటిన తరుణమున గాని లోకము వుడర్డ్‌ను మరల తలపలేదు. గంటసేపు భర్తతో ఫుట్‌బాలా, బాస్కెటుబాలా యని వాదించినప్పుడు ఈ మాట మీ రేల యెత్తలేదని అడిగితిని. "మగవారి రెండాటల లెక్కయే తెమలదు, దీని దాక రానిత్తురా?" యనినది. ఆట గెలిచినపుడు జనులు చేతులెత్తి గాలికి గోధుమచేను ఊగినట్లు ఊపుదురు. కొలదిమందియే యైనను చూచుటకు ఇంపుగా నుండెను. తెనాలి ప్రక్క మా వరిచేలు జ్ఞాపకమునకు వచ్చినవి.

మార్చి 20న పురుషుల జట్టు జాతీయ పోటీలో మొదటి ఆటలోనే ఆర్కన్సా చేతిలో 79–72 తేడాతో ఓడినది. ఇంత త్వరగా వెనుదిరుగుట 2006 తరువాత అదే. ఆ రాత్రి పొరుగింట దీపము ప్రొద్దుపోవువఱకు వెలుగుచునే యుండెను. వివాదమో, మౌనమో తెలియదు. 2008లో ఇట్లు లేదట! జనవరిలో ఫుట్‌బాలు జట్టు ఆరెంజి బౌలు గెలిచినది. ఏప్రిలులో మారియో చామర్సు రెండు క్షణములు మిగిలియుండగా వేసిన బంతితో ఓడవలసిన బాస్కెటుబాలు పోటీ నిలిచి, గెలిచినది. ఆ యేడు తమ యింట వాదమే లేదని ఆమె చెప్పెను.

నేను తిరిగి వచ్చిన పిదప 2025 జూనులో, విశ్వవిద్యాలయములు ఆటగాండ్రకు తామే నేరుగా సొమ్ము చెల్లింపవచ్చునని న్యాయస్థానము ఒడంబడికను ఆమోదించినది; ఏటికి రెండుకోట్ల డాలర్లకు పైగా ఒక్కొక్క విశ్వవిద్యాలయమునకు హద్దు. ఆగస్టులో కొత్త క్రీడాంగణము తెఱచిరి. ఆ నెలలోనే, నిబంధనల కాగితములు కొన్న బూత్‌గారు క్రీడలకు ముప్పదికోట్ల డాలర్లిచ్చిరి. అయినను ఆ శరత్తున ఫుట్‌బాలు జట్టు మరల ఐదే గెలిచినది.

పొరుగువారి సంగతి మరదలు జాబు వ్రాసినది. ఒకటి విడుచుటకు ఇద్దరును ఒప్పుకొనలేదట. ఒక్కొక్క ఆటకు ఒక్కొక్క టిక్కెట్టే కొనినారు. ఆయన ఫుట్‌బాలునకు, ఆమె బాస్కెటుబాలునకు ఒంటరిగా పోవుచున్నారు. ఆయనకు రాత్రివేళ కన్ను సరిగా ఆనదు గనుక రెండింటికిని కారు నడుపునది ఆమెయే. ఆయన ఆట ముగియువఱకు ఆమె క్రీడాంగణము బయట కారులో కూర్చుండి రేడియోలో ఆ ఫుట్‌బాలే వినుచుండునట.