పదిమందితో పోతే పెళ్ళేనా?

వదినగారూ, ఆ మునగాకు తర్వాత కోసుకుందురుగాని, ఓసారి ఇటు రండి. మళ్ళీ వచ్చిందండీ వాట్సాప్‌లో, యుగాంతమట, బ్రహ్మంగారు చెప్పినట్టు యాగంటి రాతి బసవన్న లేచి రంకె వేసే రోజు దగ్గరపడిందట. పంపిందెవరనుకున్నారు? యానాం నుంచి మా చిన్నాన్న. ఎనభై దాటాయి, అయినా మన కళ్ళతో చూసే పోతామంటాడు!

మాకు చిన్నప్పట్నుంచీ ఇదే వరస. కృష్ణ పొంగి బెజవాడ దుర్గమ్మ ముక్కుపుడకను తాకుతుంది, అంతటితో లోకం సరి అంటూ అన్నం ముద్దల్లో కాలజ్ఞానం కలిపి పెట్టేది మా నాయనమ్మ. భయం వెయ్యాలి కదా? వేసేది కాదండీ. 1979లో స్కైలాబ్ అనే అంతరిక్ష కేంద్రం నెత్తిన పడుతుందన్నప్పుడు చూడాల్సింది మా వీధి సంబరం. ఎలాగూ పోతున్నామని ఉన్న కోళ్ళన్నీ కోసేసుకున్నారు. నాయనమ్మ ట్రంకుపెట్టె అడుగునున్న పట్టుచీర తీసి కట్టుకుని అరుగు మీద కూర్చుంది. "పదిమందితో చావు పెళ్ళితో సమానమే" అంది. జులై 11 రాత్రి ఆ 77 టన్నుల స్కైలాబ్ ముక్కలై కొంత సముద్రంలో, కొంత ఆస్ట్రేలియాలో పడింది. మర్నాటి నుంచి మేం గుడ్లు కూడా కొనుక్కోవాల్సొచ్చింది.

మీదేమో వేరు. సండేస్కూల్లో ప్రభువు రాకడ పాఠం విని ఇంటికొచ్చేసరికి తలుపులు బార్లా తీసున్నాయనీ, పొయ్యి మీద ఎసరు మరుగుతోందనీ, ఇంట్లో పురుగు కూడా లేదనీ చెప్పారు చూడండి. కడబూర మోగిపోయింది, అమ్మానాన్నా ఎత్తబడ్డారు, నేనొక్కదాన్నే మిగిలిపోయానని గుమ్మంలో కూలబడి ఏడ్చారట. పాపం, మీ అమ్మగారు నూతి దగ్గరున్నారు! అన్నయ్యగారు చెప్పకుండా పాలకెళ్తే ఫోన్ల మీద ఫోన్లు ఎందుకు చేస్తారో నాకప్పుడు తెలిసింది. మాకు అందరితో కలిసి పోతామన్న ధీమా నేర్పారు, మీకు అందరూ పోతే మిగిలిపోతామన్న బెంగ నేర్పారు. ఇంట్లో ఒక్క మనిషి పోతే ఏం చెయ్యాలో మాత్రం మనిద్దరికీ ఎవరూ చెప్పలేదు.

కరోనాప్పుడు బ్రహ్మంగారు కోరంకి జబ్బు గురించి ముందే చెప్పారని తెగ తిప్పారు, గుర్తుందా? కోరంగి మా యానాం పక్కనే కదా, మావాళ్ళకి ముందు నవ్వొచ్చింది. ఆ ఊరికి ప్రళయం ఎప్పుడో అయిపోయిందండీ. 1789లో ఓసారి, 1839లో ఇంకోసారి ఉప్పెన వచ్చి రేవునంతా ఊడ్చేసింది. మిగతా లోకానికి మామూలుగానే తెల్లారింది.

కరోనా ఏడాది ఇక్కడ పుదుచ్చేరిలో మన కదిర్కామం మెడికల్ కాలేజీనే కోవిడ్ ఆసుపత్రి చేశారు. రాత్రంతా అంబులెన్సుల మోతే. దేశం మొత్తం మీద పదిమందేంటి, లక్షలమంది పోయారు. పెళ్ళిలా ఉందా చెప్పండి? చెయ్యి పట్టుకునేవాళ్ళు లేరు, నోట్లో నీళ్ళు పోసేవాళ్ళు లేరు. మూట కట్టి దూరం నుంచి చూపించారు. మా నాయనమ్మ సామెత అక్కడ తేలిపోయింది. ఎంతమంది పోయినా ఎవరి చావు వాళ్ళదే.

అసలు లోకం సంగతి అంత చెప్పిన బ్రహ్మంగారు తన సంగతి ఎలా చూసుకున్నారు? కందిమల్లాయపల్లెలో ఫలానా రోజున సమాధిలోకి వెళ్తానని ముందే చెప్పేశారట. పసుపుకుంకుమలు తియ్యొద్దని భార్య గోవిందమ్మగారికి చెప్పారట. శిష్యుడు సిద్దయ్య చూసి తట్టుకోలేడని పూలు తెమ్మన్న వంకతో బనగానపల్లె పంపించారట. ఏటా వైశాఖ శుద్ధ దశమికి అక్కడ ఆరాధన చేస్తారు. ఎవరికి చెప్పాల్సింది వాళ్ళకి చెప్పి, సర్దాల్సింది సర్ది వెళ్ళిన మనిషండీ ఆయన. మనం బసవన్న రంకె పట్టుకున్నాం. ఆయన అన్నీ సర్ది వెళ్ళిన ముక్క ఒక్కరూ ఫార్వర్డ్ చెయ్యరు.

పొద్దున్నే చిన్నాన్నకి ఫోన్ చేశాను. బసవన్న సంగతి సరే, బ్యాంకు పుస్తకంలో నామినీగా ఎవర్ని రాయించావని అడిగాను. "అపశకునం మాటలు మాట్లాడకే" అని ఠక్కున పెట్టేశాడు. లోకమంతా పోవడం కబురట, తనొక్కడూ పోవడం అపశకునమట!

మీరైనా అన్నయ్యగారిని అడగండి. పెన్షన్ ఖాతా ఆయన ఒక్కరి పేరు మీదే ఉందన్నారు కదా. కసురుకుంటే కసురుకోనివ్వండి, సోమవారం దగ్గరుండి బ్యాంకుకి తీసుకెళ్ళండి.