సైనైడ్ దిబ్బల దుమ్ము, కారు వెనక కన్ను

బంగారుపేట దాటి కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లోకి వస్తే కళ్లకు ముందు ఆనేవి సైనైడ్ దిబ్బలే. గని రాయిని పిండి కొట్టి, సైనైడ్ నీళ్లతో బంగారం తీసుకున్నాక మిగిలిన పిప్పి అది. నూరేళ్లకు పైగా పోసి పోసి మూడు కోట్ల టన్నులు దాటింది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి, దిబ్బలు మిగిలాయి. గాలి లేచిందంటే ఆ దుమ్ము రాబర్ట్‌సన్‌పేట ఇళ్లలోకి, బిందెల్లోకి, ఆరేసిన బట్టల్లోకి వచ్చి కూర్చుంటుంది.

నా కారు వెనక కెమెరా మీద కూడా కూర్చుంది. రెండు వారాలుగా రివర్స్ గేరు వేస్తే తెర మీద మంచు పట్టినట్టే ఉంటోంది. రాబర్ట్‌సన్‌పేటలో కార్ల వైరింగ్ చేసే ఒక పెద్దాయన ఉన్నారని, ఆయనకే చూపించమని మా బావ చెప్పాడు. చిన్న రేకుల షెడ్డు. నాతో తెలుగు, పనికుర్రాడితో తమిళం, ఫోనులో కన్నడం మాట్లాడుతున్నారు. వాళ్ల నాన్న చాంపియన్ రీఫ్స్ గనిలో పనిచేశారట.

చూపిద్దామని జేబురుమాలు తీసి లెన్సు తుడవబోయాను. ఆయన చటుక్కున నా చేయి పట్టుకున్నారు.

"పొడిగుడ్డ పెట్టొద్దప్పా. అది మట్టి కాదు, పలుగురాయి పిండి."

ఇక్కడి బంగారం పలుగురాతి చారల్లోనే దొరికేది. ఎంత మెత్తగా నూరినా పలుగురాయి గట్టిదనం ఎక్కడికీ పోదు, గాజు కన్నా అది గట్టిది. పొడిగా రుద్దితే ఉప్పుకాగితంతో రుద్దినట్టే. ఆయన టార్చి అడ్డంగా పట్టి చూపించారు: చిటికెన వేలి గోరంత లెన్సు మీద వెంట్రుకల్లాంటి గీతలు. అన్నీ నా రుమాలు పుణ్యమే. ఇక పోవు.

ముందు మగ్గుతో నీళ్లు పోసి దుమ్ము జారనిచ్చారు. తర్వాత షాంపూ నీళ్లలో ముంచిన పాత బనియన్ గుడ్డతో మెల్లగా అద్దారు. మళ్లీ నీళ్లు పోసి, తడి ఆరకముందే మరో మెత్తటి గుడ్డతో తీసేశారు. ఆరనిస్తే ఏమవుతుందని అడిగాను. "మా బోరు నీళ్లు తెలుసు గదా" అన్నారు. ఏడాది పొడుగునా పారే ఏరు లేని కోలారు జిల్లా ఇది, బోర్లు వెయ్యి అడుగులు దాటిపోయాయి. ఎండలో చుక్క ఆరితే సున్నం మరక మిగులుతుంది. దాన్ని గోరుతోనో బ్లేడుతోనో గీకినా, థిన్నరు, పెట్రోలు పెట్టి తుడిచినా లెన్సు మసకబారుతుంది.

పైన శుభ్రమైనా తెర మీది మంచు వీడలేదు. చెమ్మ లోపల ఉంది. నేను కారు కడిగించే చోట వాటర్ గన్ను కెమెరాకు ఆనించినట్టే పెట్టి కొడతారు, నేనూ పక్కనే నిలబడి చూసేవాణ్ని. ఐపీ 67 అని రాసి ఉంటే మీటరు లోతు నీళ్లలో అరగంట తట్టుకుంటుందని అర్థం. గన్ను పోటు దెబ్బ ఆ లెక్కలోకి రాదు. సీలు విప్పితే మళ్లీ అంత బిగువుగా కూర్చోదని, కెమెరా మార్చడమే మేలని ఆయన ఉన్నమాట చెప్పారు.

మార్చేటప్పుడు ఆయన డిక్కీ తలుపు దగ్గరి రబ్బరు గొట్టం వెనక్కి లాగారు. తలుపు తీసిన ప్రతిసారీ అందులోని వైర్లు మడతపడతాయి. ఒక వైరు తొడుగు చిట్లి, లోపలి రాగి చిలుము పట్టి పచ్చగా ఉంది. ఇంకొన్నాళ్లయితే బొమ్మ ఉండి ఉండి ఆగిపోయేదట. బ్యాటరీ తీగ విప్పి, చెడిన ముక్క కోసి, టంకం పెట్టి, స్లీవ్ తొడిగి వేడి చేశారు. ఉత్త టేపు చుడితే ఎండకు జిగురు కారి ఊడుతుందన్నారు. బంపరుకు రంగు వేయించినా, దెబ్బ తీయించినా కెమెరా కోణం మారిందేమో చూసుకోమని చెప్పారు.

ఇంత పట్టింపు నాకు నచ్చింది. వెనక కెమెరా అంటే పిల్లల ప్రాణాల సంగతి. అమెరికాలో 2002లో తండ్రి కారు వెనక్కి తీస్తుండగా రెండేళ్ల పసివాడు చనిపోయాడు. వాడి పేరుతోనే 2008లో చట్టం వచ్చింది, 2018 మే నుంచి అక్కడ కొత్త కార్లన్నిటికీ వెనక కెమెరా తప్పనిసరి అయింది. మన దేశంలో 2019 జులై నుంచి కొత్త కార్లకు వెనక సెన్సార్లు ఉండాల్సిందే. ఇక్కడ గని కార్మికుల లైను ఇళ్లలో గడప దాటితే వీధే, పిల్లల ఆటలన్నీ అక్కడే. అక్కడ మసక తెరను నమ్మి రెండు వారాలు కారు వెనక్కి తీశానన్న తలపు నన్ను ఇంకా వదల్లేదు.

పని అయ్యాక కుర్రాడు స్టీలు మగ్గు కారు వెనక నేల మీద పెట్టాడు. మెల్లగా వెనక్కి తీశాను. తెర మీది ఎర్రగీత మగ్గును తాకగానే ఆపాను.

"దిగి చూడప్పా" అన్నారాయన.

దిగి చూస్తే బంపరుకూ మగ్గుకూ మధ్య మూరెడు ఎడం ఉంది. ఆయన వంగి, తన మోచేతితో ఇంకోసారి కొలిచారు. అప్పుడు గానీ డబ్బులు తీసుకోలేదు.