సూది భయమా, గోలీ భయమా

2019 మార్చి మొదటి వారం. పురుడు పోసుకున్న మా అమ్మాయి ఇంకా జహీరాబాద్‌లో మా దగ్గరే ఉంది. మనవరాలికి నెలన్నర నిండింది, శనివారం టీకాకు తీసుకురమ్మని ఆశా వర్కర్ చెప్పి వెళ్లింది. అంతలో టీవీల్లో హైదరాబాద్ నాంపల్లి వార్త. అక్కడి ఆరోగ్య కేంద్రంలో టీకాలు వేయించుకున్న పసిపిల్లల్ని నిలోఫర్ ఆసుపత్రికి పరుగున తీసుకెళ్లారు. కొందరు దక్కలేదు.

అసలు సంగతి తొందరగానే బయటపడింది. టీకాతో ఏమీ కాలేదు. జ్వరానికి ఇవ్వాల్సిన పారాసిటమాల్ బదులు ట్రమడాల్ అనే నొప్పి మాత్రలు ఇచ్చారు. పెద్దవాళ్లకే ఆచితూచి ఇచ్చే మందు అది, పాలు తాగే పిల్లలకు ఊపిరే మందగిస్తుంది. కానీ టీకా వికటించిందన్న మొదటి మాట ఊరంతా తిరిగినంతగా ఈ రెండో మాట తిరగలేదు. దానికి నాకు ఇప్పటికీ కోపమే.

బీదర్ నుంచి వియ్యపురాలు ఫోన్ చేసింది. "వదినా, బిడ్డకు సూదులు ఏయించకుండ్రి. ఆర్నెల్లు నిండనీ, అప్పుడు జూస్తం." ఆమెకు ముందునుంచే అనుమానం. 2017 ఫిబ్రవరిలో కర్ణాటకలో తట్టు, రుబెల్లా టీకాలు వేసినప్పుడు వాట్సాప్‌లో ఏవేవో తిరిగాయి. అదే టీకా ఆగస్టులో మా తెలంగాణకు వచ్చేసరికి ఆ మెసేజ్‌లూ మా ఫోన్లలోకి వచ్చాయి.

మా ఆయనది ఒకటే మాట. "మనింట్ల ఉన్నన్ని దినాలు మనమే ఏయిద్దాం. ఆళ్లకు చెప్పుడెందుకు?" నేను ఒప్పుకోలేదు. ఐదు జబ్బులకు కలిపి వేసే ఆ సూదికి చాలామంది పిల్లలకు ఒకట్రెండు రోజులు ఒళ్లు కాలుతుంది. చాటుగా వేయించాక జ్వరమొస్తే మాట పడేది మా అమ్మాయి. రేపు కాపురం చేయాల్సింది ఆ ఇంట్లో.

మా అత్త ఫోన్ తీసుకుని, కోరింత దగ్గుతో పోయిన తన కొడుకు సంగతి చెప్పింది. దగ్గి దగ్గి పిల్లాడు నీలంగా మారిపోయేవాడట. వియ్యపురాలు అయ్యో అంది, కళ్లనీళ్లు పెట్టుకుంది కూడా. అయినా మెత్తబడలేదు. "అది గప్పటి కాలం అత్తమ్మా" అంది. సర్కారు దవాఖాన కాన్పులకు అప్పట్లో ఇచ్చిన కేసీఆర్ కిట్ పైసల కోసమే మేము తొందరపడుతున్నామని వాళ్ల చుట్టాల్లో ఎవరో అన్నారట. ఆ మాట నాకు బాగా తగిలింది. ఆ డబ్బుల్లో కొంత టీకాలు పూర్తయ్యాకే వచ్చేది, నిజమే. అంతమాత్రాన బిడ్డ ప్రాణాన్ని పైసల కోసం పణంగా పెడతామా?

ఆ శనివారం అట్లాగే పోయింది. ఆదివారం అల్లుడు తల్లిని తీసుకుని వచ్చాడు. తలా ఒక మాట అంటుంటే, అంతవరకు నోరు విప్పని మా అమ్మాయి అడిగింది. "అత్తమ్మా, మీకు సూదంటే భయమా, గోలీ అంటే భయమా?"

ఆమె ఆలోచించి "గోలీయే" అంది. "ఎవరేమిస్తరో మనకేమెరుక?"

మేమంతా సూది గురించి వాదిస్తున్నాం, ఆమె భయమేమో గోలీది. అది అర్థంలేని భయం కాదు. నాంపల్లిలో జరిగింది అదే కదా.

బుధవారం అందరం కలిసే టీకాకు వెళ్లాం. మా వియ్యపురాలు ముందే చెప్పేసింది, గోలీ మాకొద్దని. సిస్టర్ చిన్నబుచ్చుకోలేదు. ఐస్ డబ్బాలోంచి సీసా తీసి ఆమె చేతికే ఇచ్చింది. దానిమీద ఊదారంగు వలయం, లోపల చిన్న చదరం. చదరం వలయం కంటే తెల్లగా ఉంటేనే మందు పనికొస్తుంది, వేడి తగిలిన కొద్దీ నల్లబడుతుంది అని చెప్పింది. ఆమె కళ్లజోడు పెట్టుకుని కిటికీ దగ్గరికెళ్లి మరీ చూసింది. ఎడమ తొడకు ఒక సూది, కుడి భుజానికి చర్మంలో ఒకటి, నోట్లో పోలియో చుక్కలు. అరగంట అక్కడే కూర్చోబెట్టారు. డాక్టరమ్మ పాపను తూకం వేయించి, బరువుకు తగ్గట్టు పారాసిటమాల్ డ్రాప్స్ రాసింది. మెడికల్ షాపులో అల్లుడు సీసా మీది పేరు తల్లికి రెండుసార్లు చదివి వినిపించాడు.

రాత్రికి ఒళ్లు వెచ్చబడింది. చుక్కలు లెక్కపెట్టి వేసింది వియ్యపురాలే. తొడమీద వాచిన చోట చేయి పడితే పాప కెవ్వుమనేది, అందుకని భుజాన వేసుకుని తెల్లారేదాకా ఆమే తిప్పింది. మేం ఎత్తుకుంటామన్నా ఇవ్వలేదు.

పది వారాల సూదికి మా అమ్మాయి అత్తగారింట్లో ఉంది. కార్డు పట్టుకుని బీదర్‌లోనే వేయించారు. ఆ పొద్దున నాకు ఫోనొచ్చింది. "వదినా, మొన్న డాక్టరమ్మ రాసిన చుక్కల మందు పేరు జర మల్ల చెప్పు, రాసుకుంట."